అబ్బ లొంగలేదు పాపా

ఒంటిమిట్ట

చిరంజీవి పాపకు, మీ జేజి ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల ఉత్తరంలో మూడున్నర పేజీలు నువ్వు వ్యాసం రాస్తున్న ఆ ఇంగ్లీషు పద్యం గురించే. ఏం తింటున్నావో, ఎప్పుడు పడుకుంటున్నావో ఒక్క ముక్క లేదు. రాత్రి రెండింటిదాకా లైటు వేసుకుని కూచుంటున్నావని మీ హాస్టల్లోని మన వీధి పిల్ల వాళ్ళమ్మతో అనిందంట. నిజమో కాదో నువ్వే రాయి.

ఆ చివరి అరపేజీ మాత్రం మీ నాయనకు చూపించలేదు. కొడుకు తండ్రిని ‘ఊరికే పోవద్దు, చావు మీద తిరగబడు’ అని వేడుకునే పద్యం చదువుతుంటే నీకు అబ్బ మీద కోపం వచ్చిందన్నావు. ఆస్పత్రి చాలు, ఇంటికి తీసుకుపొమ్మని ఎందుకన్నాడు, ఎందుకు లొంగిపోయినాడు, నేను దగ్గరుంటే పోరాడమని చెప్పేదాన్ని కదా అని రాసినావు. అక్కడ నీ అక్షరాలు వంకర పోయినాయి, చూసుకున్నావో లేదో. ఈ జవాబు దానికే. అయితే దారి కొంచెం చుట్టు తిరుగుతుంది, ఓపిక పట్టు.

ముందు ఆ పద్యం సంగతి. పునరుక్తి, రూపకం, విరోధాభాస అని పేర్లన్నీ వరుసగా రాసినావు. పేరు పెట్టగానే పని అయిపోదమ్మా. పంతొమ్మిది పాదాలు, రెండే అంత్యప్రాసలు, రెండు పాదాలు తలా నాలుగుసార్లు తిరిగొస్తాయి, సరే. ఎందుకు తిరిగి రావాలి? పోయేవాళ్ళ మంచం పక్కన కూచున్న మనిషికి కొత్త మాట దొరకదు. అవే రెండు మాటలు మళ్ళీ మళ్ళీ నోటికొస్తాయి. ఆ పద్యం రాసిన డిలన్ థామస్ తండ్రి బడిలో ఇంగ్లీషు చెప్పిన అయ్యవారు, ముసలితనంలో చూపు సన్నగిల్లింది. వెలుతురు పోవడం మీద ఆ కొడుకుకు అంత కోపం ఎందుకో అందులో ఉంది. పద్యం 1951లో అచ్చయింది. 1952 డిసెంబరులో తండ్రి పోయినాడు. ఏడాది తిరక్కముందే, 1953 నవంబరులో, ముప్పై తొమ్మిదేళ్ళకు కొడుకూ పోయినాడు. జ్ఞానులను, మంచివాళ్ళను, మొండివాళ్ళను, గంభీరులను అందరినీ సాక్ష్యానికి పిలిచి, ఆఖరి చరణంలో గానీ నాయన దగ్గరికి రాలేకపోయినాడు చూడు. అసలు మాట చివరిదాకా దాచుకున్నాడు, నీ ఉత్తరంలో నువ్వూ అంతే.

ఇప్పుడు మన గజేంద్రమోక్షానికి రా. పోతన మనవాడని మన ఊరివాళ్ళు, బమ్మెరవాడని ఓరుగల్లువాళ్ళు. ఆ తగాదా నాకొద్దు. భాగవతాన్ని రాముడికి అంకితమిచ్చినవాడు, మన కోదండరాముడి గుడిముందు ఆయన పద్యం చదివే హక్కు నాకుంది, అది చాలు.

చిన్నప్పుడు మా నాయన కపిల తోలుతూ ఈ పద్యాలు పాడేవాడు. ఎద్దులు వాలులో దిగుతుంటే తాడు బిగుసుకుంటుంది, బాన బావిలోంచి పైకి లేస్తుంది. సరిగ్గా అప్పుడే కరీ మకరీ ఒకదాన్నొకటి లాక్కునే కందం ఎత్తుకునేవాడు. అది నీళ్ళలోకి, ఇది దరికి. ఏనుగునూ మొసలినీ కంటితో చూడని పిల్లను నేను. మా బావిలో కరువు రోజుల్లో కప్పలకే నీళ్ళు చాలేవి కాదు. అయినా ఆ లాగులాట నాకు ఒంట్లో తెలిసింది. ‘మకరి’ అనే మాటలోనే ‘కరి’ చిక్కుకుని ఉంది కదా. నోటితో నాలుగుసార్లు అంటే ఏది దేన్ని పట్టుకుందో నాలుకకే తెలుస్తుంది.

నోటితో చదవమని ఇంతగా ఎందుకు పోరుతున్నానో విను. మీరంతా ఫోనులో కంటితో చదివి, వేలితో తోసేస్తారు. పద్యం అట్లా దొరకదు. ఏనుగు మొరపెట్టుకునే శార్దూలం తీసుకో. పాదానికి పంతొమ్మిది అక్షరాలు. మొదటి రెండు పాదాల్లో ఆరు చిన్న చిన్న వాక్యాలున్నాయి: బలం లేదు, ధైర్యం చెదిరింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, ఒళ్ళు అలిసింది, బడలిక మీద పడుతోంది. రొప్పుతున్న ప్రాణి పెద్ద వాక్యం చెప్పలేదు. ఇంకో సంగతి. మొదటి పాదం చివర ప్రాణాల మాట ఎత్తుతాడు. వాక్యం అక్కడ ముగియదు. అవి చోటు తప్పిన సంగతి రెండో పాదంలోకి జారి పడుతుంది. పాదం అంచు మీద ప్రాణం నిలవలేకపోయింది! పిల్లలు పాదం చివర ఠక్కున ఆగి రాగం తీస్తారే, అప్పుడు ఇదంతా నాశనం. బళ్ళో ఉద్యోగం చేసినన్నాళ్ళూ నేను పిల్లలతో పోట్లాడింది దీని గురించే. యతి అంటే అక్షరాల పొత్తు, ఊపిరి ఆపే చోటు కాదు. మాట తెగిన చోట ఊపిరి తెంచాలి. నాలుగో పాదంలో మూడు పిలుపులు, పిలుపుకొక పేరు. ఊపిరి మిగిలింది పిలవడానికే.

దానికి ముందే వచ్చే ఒక కందంలో, ఉన్నాడు ఉన్నాడని అందరూ చెప్పే ఆ దేవుడు ఉన్నాడో లేడో అని అనుమానపడుతుంది ఏనుగు. అంత భక్తుడి చేత అంత మాట అనిపించినాడు పోతన, దాచలేదు. నీకు కోపం వచ్చిందని సిగ్గుపడొద్దు తల్లీ. ఆ కోపానికి కూడా పద్యంలో చోటుంది.

ఏనుగు మొర తర్వాత వచ్చే ఒక మత్తేభంలో విష్ణువు పరుగు చూడు. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, జుట్టు సవరించుకోలేదు. ఏనుగు తనకు లేనివన్నీ వరుస పెడితే, స్వామి తాను వదిలేసి వచ్చినవన్నీ వరుస పెట్టినట్టుంది. అది ‘లేదు’తో మొదలైతే, ఇది ‘లేదు’ల మీదే నడుస్తుంది. నీ వ్యాసంలో ఇది రాయి, మీ మేడమ్‌కు తెలుగు రాకపోతే వివరించి రాయి.

ఇప్పుడు అబ్బ సంగతి. ఏనుగు ఓడిపోయి శరణన్నదని అందరూ అంటారు. ఎవరిని శరణంది? మొసలిని కాదు కదా! కాలు దాని నోట్లో ఉన్నంతసేపూ దానికి ఒక్క మాట కూడా చెప్పలేదు. ఏళ్ళ తరబడి దరివైపు లాగింది, బలం లేదని చెప్పేటప్పుడూ ముఖం దరివైపే. నీళ్ళు మొసలికి సొంత చోటు, అక్కడ దాని బలం పెరుగుతుంది, ఏనుగుకు తగ్గుతుంది. మీ అబ్బ ఇంటికి తీసుకుపొమ్మన్నది దరికి లాగడం పాపా. ఆస్పత్రిలో గోడవైపు తిరిగి పడుకున్న మనిషి, మన పంచలో మంచం వేసినాక లేచి కూచున్నాడు. చొక్కా గుండీలు తానే పెట్టుకుంటానన్నాడు. వేళ్ళు వణుకుతున్నాయని నేను చెయ్యి పెడితే తోసేసినాడు. పై గుండీ కింది కాజాలో పడింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టినాడు. ఆ పెట్టుకోవడం ఎంతసేపు పట్టిందో మీ నాయననడుగు.

చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ దగ్గర గజేంద్రమోక్షం చదవడం మనవైపు ఉన్నదే. నేనే చదివినాను. ఆ అనుమానపు కందం దగ్గర వేలెత్తి మళ్ళీ చదవమన్నాడు. రెండోసారి చదివితే నవ్వినాడు. నువ్వు దగ్గరుండి పోరాడమని చెప్పినా ఆయన అట్లాగే నవ్వేవాడు. నీ పేరు తలుచుకున్నాడు, పరీక్షలున్నాయి పిలవొద్దని కూడా ఆయనే అన్నాడు. ఆ మాట దాటి నిన్ను పిలిపించడం నాకు చేతకాలేదు.

సంగటి ఆ హాస్టల్లో దొరకదని తెలుసు. చెనిక్కాయల పొడి, కరివేపాకు కారం కట్టి పంపుతున్నా, నీ పక్క పిల్లకూ పెట్టు. పున్నమి రాత్రి కల్యాణానికి సెలవు దొరికితే రా. వ్యాసం ఇచ్చేలోపు ఆ శార్దూలం నోటికి నేర్చుకుని ఒకరోజు ఫోన్లో వినిపించు. మొదటి పాదం చివర ఆగినావంటే మళ్ళీ మొదటినుంచి చదివిస్తా.

మీ జేజి