ఊడిన పన్ను

హైదరాబాదు నగరమున జూబిలీహిల్సును ఆనుకొని ఫిల్మ్ నగర్ అను పేట గలదు. అది రాతిగుట్టలతో నిండిన ఎత్తుపల్లముల ప్రదేశము. తెలుగు చలనచిత్ర నిర్మాణము మదరాసునుండి క్రమముగా హైదరాబాదునకు తరలివచ్చిన పిమ్మట ఈ పేట ఆ పరిశ్రమకు నిలయమైనది.

వెండితెరపై కథానాయకుడు మేడమీదినుండి దూకి చెక్కుచెదరక నిలుచును. అది చూచిన బాలురకు తామును అట్లు దూకవలెనని వేడుక పుట్టుట సహజము. కాని ఆ సాహసము వెనుక నడుమునకు కట్టిన త్రాళ్లును, క్రింద పరచిన పరుపులును, ఏండ్ల తరబడి చేసిన అభ్యాసమును ఉండును. అవి తెరపై కానరావు. బండరాతిపైనుండి దూకు బాలునికి ఆ రక్షణ లేదు.

బోర్లపడినవారికి తరచుగా దెబ్బతగులునవి పై వరుసలోని ముందరి పండ్లు. నడిమి రెండును ఏడెనిమిదేండ్ల ప్రాయమున వచ్చును; పోయినచో మరల మొలవవు. అయినను సమూలముగా ఊడిన పన్నును పారవేయరాదు. దాని వేరును అంటిపెట్టుకొని జీవకణముల సన్నని పొర యుండును. అది సజీవముగా నున్నంతవరకు పన్ను తిరిగి నిలుచునను ఆశ గలదు. గాలికి ఎండినచో అరగంటలోనే ఆ కణములు నశింపసాగును.

కావున పన్నును వెదకి, తెల్లని పైభాగమును మాత్రమే పట్టుకొనవలెను. వేరును తాకరాదు, గీకరాదు. మట్టి అంటినచో పాలతోగాని నీటితోగాని కొద్ది క్షణములు మాత్రము కడుగవలెను. పిదప దానిని దాని గుంటలో నెమ్మదిగా నిలిపి, శుభ్రమైన చేతిరుమాలును కరచి పట్టుకొనుమని బాలునికి చెప్పవలెను. అది సాధ్యము కానిచో పన్నును చల్లని పాలలో ఉంచవలెను. నీటిలో నానవేయరాదు, నీరు ఆ కణములను ఉబ్బించి చంపును. విరిగిన ముక్కనైనను భద్రపరచవలెను. వైద్యుడు దానిని అతికింపగలడు. ఊడినది పాలపన్నైనచో తిరిగి పెట్టరాదు. లోపల పెరుగుచున్న పన్నునకు హాని కలుగును. బాలుడు స్పృహ తప్పినను, వాంతి చేసికొన్నను, పంటి సంగతి తరువాత. ముందు ఆసుపత్రికి చేర్పవలెను.

ఇక ఆలస్యము చేయక దగ్గరి దంతవైద్యుని చూడవలెను. ఆయన ఆ పన్నును ప్రక్కపండ్లతో కలిపి సుమారు రెండు వారములు కదలకుండ బంధించును. ధనుర్వాతపు సూది అవసరమేమో విచారించును. 1959లో స్థాపింపబడిన ప్రభుత్వ దంతవైద్య కళాశాల అఫ్జల్‌గంజ్‌లో గలదు. ఫిల్మ్ నగర్‌నుండి అచ్చటికి పోవుటకు నగరపు రద్దీలో అరగంటకు మించి పట్టవచ్చును. అందుచేత పంటిని కాపాడు తొలి క్షణములు ప్రక్కనున్న తోటిబాలుర చేతిలోనే ఉన్నవి.

హాకీ, ముష్టియుద్ధము మున్నగు ఆటలు ఆడువారు పండ్లకు మెత్తని తొడుగు ధరింపవలెను. ఆడుకొనుటకు రాళ్లు లేని చదునైన నేలను ఎన్నుకొనవలెను. తెరపై సాహసమును చూచి ఆనందించుట మంచిదే. దానిని వీథిలో అనుకరింపకుండుట వివేకము.