పరిశోధకుల ఉద్యోగాన్వేషణ – వృత్తి పరిచయ వేదికల ఉపయోగము

వ్యవసాయ కళాశాలలో పట్టా పుచ్చుకొని, ఆపైన ఎం.యస్సీ., పిహెచ్.డి. కూడ ముగించి, ఏదో యొక పరిశోధన పథకములో సీనియర్ రీసెర్చ్ ఫెలోగా పనిచేయుచున్న యువతీయువకులు మన రైతు కుటుంబములలో పలువురు కలరు. పథకమునకు గడువు తీరిన దినముననే వారి కొలువునకును గడువు తీరును. అటుపిమ్మట ఎచ్చటికి పోవలెనను ప్రశ్న ఆ యింటివారినందరిని బాధించును. ఈ వెదకులాటలో లింక్‌డ్‌ఇన్ వంటి వృత్తి పరిచయ వేదికలను ఎట్లు వాడుకొనవచ్చునో తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఐ.సి.ఎ.ఆర్. సంస్థలలో శాస్త్రజ్ఞునిగా తొలి ప్రవేశము వ్యవసాయ శాస్త్రజ్ఞుల నియామక మండలి నడుపు పరీక్ష ద్వారా లభించును గాని పరిచయముల ద్వారా కాదు. పుస్తకము మూసి తెర ముందు కూర్చున్నందువలన ఆ పరీక్ష నెగ్గజాలరు. అయితే విత్తన కంపెనీలలోను, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వంటి అంతర్జాతీయ సంస్థలలోను, విదేశ విశ్వవిద్యాలయములలోను ఖాళీల సంగతి సకాలమున మనకు తెలియుటకు, మన పని అవతలివారికి తెలియుటకు ఈ వేదికలు మిక్కిలి ఉపకరించును.

ఎవరి పరిచయము పనికివచ్చును?

అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానొవెటర్ 1973లో ప్రకటించిన వ్యాసమున, గాఢ స్నేహితులకంటె కొద్దిపాటి పరిచయస్థులే క్రొత్త సమాచారమును తెచ్చెదరని వివరించెను. కారణము సులభమే. ఒకే ఊరివారందరికి తెలిసినది ఒకే సంత ధర. పొరుగు సంతకు వెళ్లివచ్చినవాడే వేరు ధర చెప్పగలడు. మీ ప్రయోగశాలలోని మిత్రుడు చూచిన ప్రకటననే మీరును చూచియుందురు. లింక్‌డ్‌ఇన్‌లో దాదాపు రెండు కోట్లమందిపై ఐదేండ్లపాటు జరిగిన ప్రయోగముల ఫలితము 2022లో సైన్స్ పత్రికలో వెలువడినది. బొత్తిగా ఎరుగనివారును కాక, నిత్యము కలియువారును కాక, మధ్యస్థముగా ఎరిగినవారివలన ఉద్యోగము మారుటకు ఎక్కువ తోడ్పాటు కలిగినదని అందు తేలినది. అయితే కంప్యూటర్లతో అంతగా ముడిపడని పరిశ్రమలలో గాఢ పరిచయములే మేలు చేసినవని కూడ అందే వ్రాసిరి. కావున గైడుగారిని మరచి పరాయివారి వెంట పడుట మన రంగమున తెలివి కాదు.

మన కళాశాలలో మూడు నాలుగేండ్లు ముందు చదివినవారు, మౌఖిక పరీక్షకు వచ్చిన బయటి పరీక్షకులు, అఖిల భారత సమన్వయ పథకముల వార్షిక సమావేశములలో మాటలాడినవారు – ముందు వీరి పేర్లు కాగితముపై వ్రాసికొనవలెను.

పేరు క్రింది పంక్తి

మా మండలమునకు చివరి సంవత్సరపు గ్రామీణ అనుభవ శిక్షణకై వచ్చిన విద్యార్థిని యొకామె, పిదప సస్య ప్రజననములో పిహెచ్.డి. ముగించి ఒక పథకములో చేరినది. ఆ పథకము మార్చి నెలాఖరున ముగియును. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు నన్ను కలిసినది. చదువు కొరకు తెచ్చిన బ్యాంకు అప్పు ఇంకను తీరలేదు; తండ్రి కౌలు రైతు. ఆమె లింక్‌డ్‌ఇన్ పుటను చూపమంటిని. పేరు క్రింద “మంచి అవకాశముల కొరకు చూచుచున్నాను, కష్టపడి పనిచేయుదును” అని యున్నది.

“అందరూ ఇలాగే పెట్టుకున్నారు సార్” అన్నది.

బస్తామీద “శ్రేష్ఠమైన ఎరువు” అని మాత్రమే యున్నచో మన రైతు కొనునా? 10-26-26 అనియో, 28-28-0 అనియో ఉండవలెను. ఆమె చేసిన పని చిన్నది కాదు. రెండు ఋతువులు వరి లైన్లను గ్రీన్‌హౌసు ట్రేలలో పెంచి, టి.ఎన్.1, పి.టి.బి.33 రకములతో పోల్చి, సుడిదోమను తట్టుకొను శక్తిని పరీక్షించినది. ఆ సంగతి పుటలో ఎచ్చటను లేదు! పంక్తిని ఇట్లు మార్చితిమి: “వరి ప్రజనన పరిశోధకురాలు – సుడిదోమ నిరోధక శక్తి పరీక్ష, డి.ఎన్.ఏ. మార్కర్ల సహాయమున ఎంపిక, ఆర్ భాషలో గణాంక విశ్లేషణ.” ఈ పంక్తికి 220 అక్షరముల మేర స్థలము కలదు. పుటను ఆంగ్లముననే ఉంచుట మంచిది, వెదకువారు ఆంగ్ల పదములతోనే వెదకుదురు.

జాబు వ్రాయు తీరు

“నా వివరములు జతపరచితిని, ఏదైన ఉద్యోగమున్న తెలుపుడు” అను జాబును అందుకొన్నవాడు ఏమి చేయగలడు? మొదటి జాబున ఉద్యోగము అడుగరాదు. అవతలివారి పనిలో నిజముగా చదివిన ఒక అంశమును పేర్కొని, రెండు మాటలలో జవాబు చెప్పదగిన ప్రశ్న నొకటి అడుగవలెను. జవాబు వచ్చిన పిదప, ఇట్టి పని ఏయే కేంద్రములలో జరుగుచున్నదని అడుగవచ్చును. ఆ యమ్మాయి పన్నెండు జాబులు వ్రాసినది. ఐదింటికి జవాబు వచ్చినది. అందొకరు ఒక విత్తన కంపెనీలో పనిచేయు పాత సీనియరు. తమ కేంద్రమున దోమ పరీక్షలకు మనిషి కావలసియున్నదని ఆయన తెలిపెను. ఇంటర్వ్యూలో, విత్తిన ఎన్నవ దినమున ట్రేలపై పిల్లదోమలను వదలుదురని అడిగిరట. చేతితో చేసిన పని గనుక తడబడలేదు. ఏప్రిలులో చేరినది. జీతము పాత ఫెలోషిప్పుకంటె ఎక్కువేమియు కాదు గాని, అప్పు వాయిదా తప్పలేదు.

మరికొన్ని సంగతులు

మన పేర్లతో ఒక చిక్కు కలదు. ఇంటిపేరు ఒక వ్యాసమున ముందును, మరియొక వ్యాసమున వెనుకను, వేరొకచోట పొడి అక్షరముగను అచ్చగును. అదే పేరుగలవారు పదిమంది యుందురు. 2012 నుండి ఆర్కిడ్ అను సంస్థ పరిశోధకులకు 16 స్థానముల గుర్తింపు సంఖ్యను ఉచితముగా ఇచ్చుచున్నది. దానిని మొదటి వ్యాసమునాడే తీసికొనవలెను. గూగుల్ స్కాలర్ పుట కూడ తెరచిన చాలును. రీసెర్చ్‌గేట్‌లో వ్యాసము ఎక్కించుటకు ముందు, ప్రచురణకర్త షరతులు చదువవలెను.

విడుదల కాని వంగడముల ప్రయోగ ఫలితములు, మడుల బోర్డులు కనిపించు ఫోటోలు పుటలో పెట్టరాదు. అవి సంస్థ సొత్తు. ఉద్యోగము వెదకుచున్నట్లు చూపు గుర్తును నియామకదారులకు మాత్రమే కనబడునట్లు పెట్టుకొను వీలున్నది గాని, ప్రస్తుత యజమానికి తెలియనే తెలియదని ఆ కంపెనీ కూడ హామీ ఇయ్యదు. గైడుగారికి ముందే చెప్పుట మర్యాద, క్షేమము.

ఇంటర్వ్యూకు ముందే రిజిస్ట్రేషన్ రుసుమనియో, వీసా ఖర్చనియో పైకమడుగువారు కూడ ఈ వేదికలపై తిరుగుచుందురు. సంస్థ స్వంత వెబ్‌సైటులో ఆ ప్రకటన లేనిచో జవాబియ్యరాదు. పైకము పంపియున్నచో సిగ్గుపడి ఊరకుండక, వెంటనే 1930 నంబరుకు ఫోను చేయవలెను.