హెవీ లైసెన్స్ పరీక్షకు సిద్ధమయ్యేదెలా?

సంక్షేమ కార్పొరేషన్ల ద్వారా హెవీ డ్రైవింగ్ శిక్షణకు ఎంపికైనవారికి శిక్షణ ఖర్చు ప్రభుత్వం భరిస్తుంది, బాగానే ఉంది. కానీ స్టీరింగ్ పట్టుకుని పరీక్ష పాసవ్వాల్సింది మీరే. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ మీ పక్కన కూర్చున్నప్పుడు ఏం చూస్తారు, అంతకన్నా ముందు మీ చేతిలో ఏయే కాగితాలు ఉండాలి అన్నది ఇందులో చెబుతున్నాం. ఫోన్‌లో దాచుకుని, శిక్షణ మొదలయ్యాక ఇంకోసారి చదవండి.

ముందు మీ పాత లైసెన్స్ తీసి చూడండి

దరఖాస్తులు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. లారీ, బస్సు లాంటి రవాణా వాహనానికి లెర్నర్ లైసెన్స్ (మనం ఎల్‌ఎల్‌ఆర్ అంటాం) ఇవ్వాలంటే, అప్పటికే మీకు లైట్ మోటార్ వెహికల్ లైసెన్స్, అంటే కారు లైసెన్స్ వచ్చి కనీసం ఒక ఏడాది నిండాలి. బైక్ లైసెన్స్ పదేళ్ల నుంచి ఉన్నా ఇక్కడ లెక్కలోకి రాదు. "లైసెన్స్ ఉంది సార్" అని వచ్చినవాళ్ల కార్డు తిప్పి చూస్తే బైక్ ఒక్కటే ఉంటుంది. అలాంటివాళ్లు ఈ రోజే కారు లైసెన్స్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఆ ఏడాది లెక్క అది చేతికొచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. వయసు 20 ఏళ్లు నిండి ఉండాలి. మహిళలకూ ఇవే నిబంధనలు.

చదువు గురించి ఇప్పటికీ చాలామంది అడుగుతున్నారు. 8వ తరగతి పాసై ఉండాలన్న నిబంధనను కేంద్రం 2019లో తీసేసింది. కాబట్టి లైసెన్స్ కోసం సర్టిఫికెట్ అక్కర్లేదు. ఉద్యోగం ఇచ్చే సంస్థ తన నియామకాల్లో చదువు అడిగితే అది వేరే సంగతి.

ఇంకొక అపోహ కూడా ఉంది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కారు లైసెన్స్ ఉన్నవారు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉండే రవాణా వాహనాలను నడపవచ్చని చెప్పింది. టాటా ఏస్, బొలెరో పికప్ లాంటివాటికి అది సరిపోతుంది. దాన్ని చూపించి "ఇక లారీకి కూడా వేరే లైసెన్స్ అక్కర్లేదంట" అని ఎవరైనా చెబితే నమ్మకండి. పది టైర్ల బండి ఆ లెక్కలోకి రాదు.

కాగితాలు

రెండు ముఖ్యం. ఒకటి ఫారం 1ఎ, అంటే డాక్టర్ ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్. పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి బండి నంబర్ ప్లేటు చదవగలగాలి. అద్దాలు వాడేవాళ్లు పెట్టుకునే చదవొచ్చు, అందులో తప్పేం లేదు. వినికిడి, రేచీకటి, రంగుల గుర్తింపు కూడా చూస్తారు. చూపు విషయంలో ఏ చిన్న అనుమానం ఉన్నా శిక్షణ మొదలవ్వకముందే కళ్లు చూపించుకోండి.

రెండోది ఫారం 5. మీరు గుర్తింపు ఉన్న డ్రైవింగ్ స్కూల్లో శిక్షణ పూర్తి చేశారని వాళ్లిచ్చే పత్రం ఇది. హెవీ శిక్షణ కనీసం 30 రోజులు సాగాలి, అందులో మీరు స్వయంగా 15 గంటలకు తగ్గకుండా నడపాలి. మీ బ్యాచ్‌లో ఎంతమంది ఉన్నా మీ వంతు గంటలు మీకు రావాలి. రోజూ వెనక సీట్లో కూర్చుని చూడటం శిక్షణ కిందికి రాదు. తేదీ, నడిపిన సమయం ఒక చిన్న పుస్తకంలో రాసుకోండి. గంటలు తగ్గితే అడగడానికి మీ చేతిలో ఆధారం ఉంటుంది.

దరఖాస్తు, ఫీజు, స్లాట్ అన్నీ ఆన్‌లైన్‌లోనే. కేంద్ర నిబంధనల ప్రకారం లెర్నర్ లైసెన్స్ ఫీజు 150 రూపాయలు, డ్రైవింగ్ పరీక్ష ఫీజు 300 రూపాయలు. లైసెన్స్ జారీ ఫీజు, సర్వీసు ఛార్జీలు వీటికి కలుస్తాయి. ఎంత కట్టినా రశీదు వస్తుంది. రశీదులో లేని రూపాయి ఎవరికీ ఇవ్వక్కర్లేదు. "శిక్షణ లేకుండానే ఫారం 5 ఇప్పిస్తాం" అనే బ్రోకర్లు వేలల్లో అడుగుతారు, జాగ్రత్త. ఆ దారిలో వచ్చిన లైసెన్స్ తర్వాత చెల్లదని తేలితే, ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీ పరిహారం సొమ్మును బండి యజమాని నుంచి రాబట్టుకోవచ్చు. అప్పుడు ఆ యజమాని ఎవరి ఇంటి ముందు నిలబడతాడో వేరే చెప్పాలా?

లెర్నర్ లైసెన్స్ ఆరు నెలలు చెల్లుతుంది. అది వచ్చిన 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లాలి.

పరీక్షలో ఏం చూస్తారు

ఇన్‌స్పెక్టర్ చూపు మీరు బండి ఎక్కకముందే మొదలవుతుందనుకోండి. చుట్టూ ఒక రౌండ్ తిరగండి. టైర్లు, వీల్ నట్లు, లైట్లు, ఇండికేటర్లు, బండి కింద ఆయిల్ కారిన మరకలు చూడండి. క్యాబిన్‌లోకి ఎక్కాక సీటు, అద్దాలు సర్దుకుని బెల్టు పెట్టుకోండి. అద్దం సర్దుకోవడం పరీక్ష అంశాల్లో మొట్టమొదటిది. లారీకి ఎడమ తలుపు కింద, బంపర్ ముందు, వెనక భాగంలో డ్రైవర్‌కు కనపడని చోట్లు ఉంటాయి. ఎడమ వైపు దూరే బైకులు సరిగ్గా అక్కడే ఇరుక్కుంటాయి.

తర్వాత ఎయిర్ బ్రేకు. కారు నుంచి వచ్చినవాళ్లకు ఇది కొత్త. ఇక్కడ బ్రేకు పనిచేసేది ట్యాంకుల్లో నిండిన గాలి ఒత్తిడితో. ఇంజిన్ ఆన్ చేసి, గేజ్‌లో ముల్లు సరైన చోటికి వచ్చి, హెచ్చరిక లైటు లేదా బజర్ ఆగాకే బండి కదపాలి. ఆ రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టకుండా గేరు వేసే అభ్యర్థి అక్కడే దొరికిపోతాడు. గాలి బాగా తగ్గిపోతే స్ప్రింగ్ బ్రేకులు వాటంతటవే పట్టేసి బండి కదలదు. ట్యాంకులో చేరే నీటిని డ్రెయిన్ వాల్వ్ నుంచి ఎందుకు వదలాలో శిక్షకుణ్ణి అడిగి, మీ చేత్తో ఒకసారి చేసి చూడండి.

గేర్లు కింద నుంచి పై వరకు కుదుపు లేకుండా వేయాలి. అవసరమైనప్పుడు అంతే త్వరగా దించాలి. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ కదిలించాలి. గీతల మధ్య ఇరుకు జాగాలోకి రివర్స్ చేయాలి. రివర్స్‌లో చాలామంది తడబడతారు, ఎందుకంటే ఊళ్లో క్లీనర్ వెనక నిలబడి "రానీ రానీ, రైట్" అని అరుస్తుంటే నడిపిన అలవాటు. పరీక్షలో ఆ గొంతు ఉండదు. రెండు అద్దాల్లో మార్చి మార్చి చూస్తూ, స్టీరింగ్ కొంచెం కొంచెం తిప్పుతూ, చాలా నెమ్మదిగా రావాలి. తేడా వస్తే ఆపి ముందుకు వెళ్లి సరిచేసుకోండి. కంగారులో స్టీరింగ్ మొత్తం కొట్టేస్తే పని చెడుతుంది.

దిగుడులో న్యూట్రల్ వద్దు

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. డీజిల్ మిగులుతుందని ఘాట్ రోడ్డు దిగుతూ న్యూట్రల్‌లో వదిలే అలవాటు కొందరు పాత డ్రైవర్లలో ఉంది. కొత్తవాళ్లు అది చూసి నేర్చుకుంటారు. గేరులో ఉన్నప్పుడు ఇంజిన్ బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ చేస్తే లోడు మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. బ్రేకు తొక్కుతూనే దిగితే డ్రమ్ములు వేడెక్కిపోయి, పెడల్ తొక్కినా పట్టు దొరకదు. ఇంజిన్ కూడా ఆపేస్తే ఇక గాలి నింపే కంప్రెసర్ తిరగదు, ఉన్న గాలి తొక్కిన కొద్దీ తగ్గిపోతుంది. 'బ్రేకులు ఫెయిలై లోయలో పడిన లారీ' అని పత్రికల్లో రాస్తుంటారు. అలా రాసిన ప్రతిసారీ పైపు తెగిందని కాదు. మారేడుమిల్లి, పాడేరు ఘాట్లు దిగే డ్రైవర్‌కు ఈ సంగతి ప్రాణంతో సమానం. సాధారణంగా ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి, అదీ దిగుడు మొదలవ్వకముందే వేసుకోవాలి. దిగుడు మధ్యలో గేరు దించబోతే అది పడకపోయే ప్రమాదం ఉంది. రోడ్డు ఇరుకైన చోట దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి.

నోటితో అడిగేవి

రోడ్డు గుర్తులు ఎలాగూ చదువుకుంటారు. వీటిని మాత్రం మరవకండి. కేంద్రం 2018లో నిర్ణయించిన గరిష్ఠ వేగం సరకు వాహనాలకు నాలుగు వరసల రోడ్డు మీద గంటకు 80 కిలోమీటర్లు, ఊళ్లలోనూ మిగతా రోడ్ల మీదా 60. బోర్డు మీద ఇంకా తక్కువ రాసి ఉంటే అదే పాటించాలి. ఓవర్‌లోడ్‌కు జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. ప్రమాదం జరిగితే బండి ఆపి, గాయపడినవారికి వైద్యం అందేలా చూసి, 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి. జనం దాడి చేస్తారన్న భయం ఉంటే నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి. బండిలో ఆర్‌సీ, బీమా, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్ పత్రాలు ఉండాలి. డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతాయి.

ఫెయిలైతే

ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం చివరి పరీక్ష నుంచి 60 రోజులు ఆగాలి. ఎక్కడ తప్పారో ఇన్‌స్పెక్టర్‌ను అక్కడే అడగండి, మొహమాటపడొద్దు. ఆ ఏడు రోజులూ దాని మీదే ప్రాక్టీసు చేయండి.

పాసైతే లైసెన్స్ ఐదేళ్లు చెల్లుతుంది. పెట్రోల్, గ్యాస్ ట్యాంకర్ల లాంటి ప్రమాదకర సరుకుకు మూడు రోజుల ప్రత్యేక శిక్షణ తీసుకోవాలి, ఆ అనుమతి గడువు మూడేళ్లే. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యూవల్ చేయించుకోవచ్చు. గడువు దాటాక ఇంకో ఏడాది వరకు కూడా దరఖాస్తు తీసుకుంటారు కానీ, ఆ మధ్య కాలంలో బండి నడిపితే లైసెన్స్ లేకుండా నడిపినట్టే. దానికి జరిమానా 5,000 రూపాయలు.