పెళుసుతనమునకు విరుగుడు

పారదర్శకములగు కొన్ని ప్లాస్టిక్కు కొలబద్దలను వంచినచో, అవి కొంచెము వంగి చటుక్కున రెండు తునుకలగును. గాజువలె తేటగా నుండి, గాజువలెనే విఱుగు ఇట్టి ప్లాస్టిక్కులలో పాలిస్టైరీను ముఖ్యమైనది. 1839లో బెర్లిను నగరమున ఎడ్వర్డు సైమను అను ఔషధ విక్రేత ఒక చెట్టు బంకనుండి తైలమును తీసి నిలువ యుంచగా, అది కొన్ని దినములకు గడ్డకట్టెను. గాలి సోకి మాఱినదని ఆయన తలచెను. నిజమునకు తైలములోని చిన్న అణువులు లంకెలవలె కలసి పొడవైన గొలుసులైనవి. ఇట్టి గొలుసు అణువులు కలవని 1920 మొదలుకొని వాదించి నిలబెట్టిన హెర్మన్ స్టౌడింగరునకు 1953లో నోబెల్ బహుమానము లభించెను.

పాలిస్టైరీను చవుకైనది, కరగించి అచ్చులలో పోయుట సులువు, ఏ రంగునైనను పట్టును. కాని చేయి జాఱిన పాత్ర పగిలిపోవుచున్నచో ఈ సుగుణములవలన నేమి లాభము? దానిని లాగినపుడు లోపల వెండ్రుకకంటెను సన్నని నెఱ్ఱెలు ఏర్పడును. వాని రెండంచులను సూక్ష్మమైన పోగులు కొంతసేపు పట్టి యుంచును. నెఱ్ఱెలు కొలదిగానే యుండుటచే బలమంతయు వానిమీదనే పడి, పోగులు తెగును. వెంటనే పగులు ఆవలి అంచుదాక పరుగెత్తును.

దీనికి విరుగుడు రబ్బరు. అయితే రెండింటిని కరగించి కలిపినంతమాత్రమున చాలదు. రబ్బరు గొలుసులకును పాలిస్టైరీను గొలుసులకును పొత్తు కుదరదు. నూనెయు నీరును వలె అవి వేఱుపడును. నడుమ పట్టు లేకున్నచో, దెబ్బ తగిలినపుడు రబ్బరు బొట్టు తన గూటినుండి ఊడిపోవును. తలనూనెను వట్టి నీరు వదలింపజాలదు; కుంకుడు రసము వదలించును. ఏలయన ఆ రసములోని అణువునకు ఒక కొన నూనెతోను, వేఱొక కొన నీటితోను చెలిమి కలదు. ప్లాస్టిక్కులకును అట్టి మధ్యవర్తి కావలెను.

రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇవాన్ ఆస్ట్రోమిస్లెన్‌స్కీ 1927లో ఒక పేటెంటు పొందెను. రబ్బరును ద్రవరూపమున నున్న స్టైరీనులో కరగించి, పిమ్మట స్టైరీనును గొలుసులుగా మార్చుటయే ఆయన పద్ధతి. అట్లు మాఱునపుడు కొన్ని పాలిస్టైరీను గొలుసులు రబ్బరు గొలుసుమీదనే మొలచును. తోటమాలి మామిడికి అంటు కట్టుటయు నిట్టిదే. రసాయన శాస్త్రజ్ఞులును దీనిని అంటు అనియే పిలుతురు. రెండు జాతులును ఒకే అణువున నుండుటచే అది మధ్యవర్తి యగును. ఇక నొక చిక్కు మిగిలెను. ఆ ద్రవమును కదపక విడిచినచో రబ్బరు వలవలె అంతట అల్లుకొని, సరకు అచ్చులలో పోయుటకు వీలుకాదు. తగినట్లు కలియబెట్టుచు రబ్బరును బొట్లుగా విడగొట్టు విధానమునకు అమెరికాలోని డౌ కంపెనీ 1954లో పేటెంటు పొందెను.

ఇట్టి ప్లాస్టిక్కులో రబ్బరు సాధారణముగా నూటికి 5 మొదలు 10 పాళ్లుండును. ఒక్కొక్క బొట్టు మిల్లీమీటరులో వేయవ వంతో, దానికి కొన్ని రెట్లో యుండును. మిక్కిలి చిన్నవైనను, మిక్కిలి పెద్దవైనను ఫలము తగ్గును. దెబ్బ తగిలినపుడు బొట్టు బొట్టు కడను నెఱ్ఱె పుట్టి, ప్రక్క బొట్టు కడ ఆగిపోవును. నాలుగు పొడవైన నెఱ్ఱెలకు బదులు లెక్కకు మిక్కిలి పొట్టి నెఱ్ఱెలు ఆ దెబ్బను పంచుకొనును. నెఱ్ఱెకు నెఱ్ఱెయే మందగుట వింతయే! రిఫ్రిజిరేటరు లోపలి గోడలకు ఇట్టి ప్లాస్టిక్కును వాడుదురు. దాని ముక్కను వంచిన మడత తెల్లబడును; ఆ తెలుపు ఈ నెఱ్ఱెల గుంపే. ఇందుకు చెల్లింపవలసిన వెలయు కలదు: పాలిస్టైరీను తన తేటదనమును, కొంత బిగువును కోల్పోవును.

నైలాను విషయమున అంటును యంత్రములోనే కట్టుదురు. రబ్బరునకు ముందుగా మాలియిక్ అన్‌హైడ్రైడును తగిలించి, కరగిన నైలానుతో కలిపిన, రెండును అక్కడనే ముడిపడును.

పాత ప్లాస్టిక్కును తిరిగి వాడువారికిని ఈ పొత్తు సమస్యయే అడ్డుపడుచున్నది. పాల సంచులలోని పాలిథీను, బియ్యపు సంచులలోని పాలిప్రొపిలీను విడివిడిగా చేవగలవి. కలిపి కరగించినచో పెళుసగును. ఈ రెండింటి గొలుసులను ఒకే అణువున వరుసగా కూర్చి, అమెరికాలోని కార్నెల్, మిన్నెసోటా విశ్వవిద్యాలయముల శాస్త్రజ్ఞులు 2017లో ఒక పదార్థమును ప్రకటించిరి. దానిని కొలదిపాళ్లు చేర్చినంతనే ఆ మిశ్రమము విఱుగక సాగెను.