లింకన్ కాగితాలు నేర్పే పాఠం



"లింకన్ బానిసత్వాన్ని రద్దు చేశాడు" అని ఒక్క వాక్యం రాసి పరీక్షలో మార్కులు తెచ్చుకుంటాం. ఆ వాక్యం వెనకున్న కాగితాలు ఇంకా ఎంతో చెబుతాయి.

1865లో లింకన్ హత్య తర్వాత ఆయన ఉత్తరాలు, చిత్తుప్రతులు కుమారుడు రాబర్ట్ చేతికొచ్చాయి. రాబర్ట్ వాటిని 1919లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు చేర్చాడు. తాను చనిపోయాక 21 ఏళ్ల వరకు ఎవరికీ చూపకూడదని షరతు పెట్టాడు. 1926లో ఆయన మరణించగా, 1947 జూలై 26న వాటిని తెరిచారు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు.

అందులో విముక్తి ప్రకటన తొలి చిత్తుప్రతి ఉంది. 1862 జూలై 22న లింకన్ దాన్ని మంత్రివర్గానికి చదివి వినిపించాడు. యుద్ధంలో ఒక గెలుపు వచ్చేదాకా ఆగమని మంత్రి సీవార్డ్ సలహా ఇచ్చాడు. ఆంటీటమ్ యుద్ధం తర్వాత, సెప్టెంబరు 22న, ప్రాథమిక ప్రకటన వెలువడింది. తుది ప్రకటన 1863 జనవరి 1న వచ్చింది. నల్లజాతివారిని సైన్యంలో చేర్చుకుంటామన్న మాట తొలి చిత్తులో లేదు, తుది ప్రకటనలో ఉంది. దాదాపు 1,80,000 మంది చేరి పోరాడారు.

అయితే ఆ ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలకే వర్తించింది. కెంటకీ, డెలావేర్‌లలో బానిసత్వం కొనసాగింది. దేశమంతటా రద్దయింది 1865 డిసెంబరులో, 13వ రాజ్యాంగ సవరణతో.

మా ఇంట్లో ఏ కాగితం వచ్చినా చదవాల్సింది నేనే. మీలో చాలామంది ఇళ్లలోనూ అంతే. అందుకే చెబుతున్నాను: జీవో వచ్చిందని విని సంతోషపడి ఊరుకోవద్దు. తెప్పించుకుని చదవండి. ఎవరికి వర్తిస్తుంది, ఎవరిని వదిలేసింది, ఎప్పటినుంచి అమలు? ఈ మూడూ అడగండి.