లేబుల్ మీది అంకె బెడ్ దగ్గర నిలవాలంటే

డయాలిసిస్ టెక్నీషియన్లుగా కొత్తగా డ్యూటీలో చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఒక మాట. మెషీన్ నడపడం త్వరగానే చేతికొస్తుంది. డయలైజర్‌ను అర్థం చేసుకోవడానికి మాత్రం కాస్త మనసు పెట్టాలి. రోగి రక్తం శుభ్రపడేది అందులోనే.

గొట్టంలాంటి ఆ డయలైజర్‌లో వేల ఫైబర్లుంటాయి. ఒక్కోదాని లోపలి వెడల్పు దాదాపు 200 మైక్రాన్లు. రక్తం వాటి లోపల, డయాలిసేట్ బయట, ఎదురెదురుగా పారాలి. అప్పుడే ఫైబర్ మొదలు నుంచి చివరిదాకా యూరియా బయటికి వస్తూనే ఉంటుంది. తాజా డయాలిసేట్ వీనస్ వైపు నుంచే లోపలికి రావాలి. కనెక్టర్లు తారుమారైతే ఎంత మంచి డయలైజరైనా పని తగ్గిపోతుంది.

పెద్ద సైజు పెడితే చాలనుకునేవారు ఎక్కువ. 1.3 చదరపు మీటర్లది తీసి 1.8ది పెట్టినా, రక్తం పంపు నిమిషానికి 200 మి.లీ. దగ్గరే ఉంటే యూరియా క్లియరెన్స్, అంటే నిమిషానికి యూరియా పోయి శుభ్రపడే రక్తం, 200 మి.లీ. దాటదు. ఫిస్టులా బాగుంటే డాక్టర్ని అడిగి ముందు ఫ్లో పెంచండి. లేబుల్ మీది క్లియరెన్స్ అంకె కూడా రక్తంతో కాక ల్యాబులో ద్రావణంతో కొలిచింది. బెడ్ దగ్గర అంతకంటే తక్కువే వస్తుంది.

లెక్క వేసి చూడండి. 60 కిలోల మనిషి ఒంట్లో నీరు సుమారు 35 లీటర్లు. క్లియరెన్స్ నిమిషానికి 180 మి.లీ. వస్తే 4 గంటల్లో 43 లీటర్లు శుభ్రమైనట్టు. ఆ 43ని ఒంట్లోని 35తో భాగిస్తే వచ్చేదే కేటీ బై వీ, ఇక్కడ 1.23. అరగంట ముందే ఆపితే అది 1.08కి పడిపోతుంది. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికే కనీసం 1.2 కావాలి, రెండుసార్లే వచ్చేవారికి అదీ చాలదు. బస్సు పోతుందని రోగి బతిమాలినప్పుడు ఈ లెక్క ఓపిగ్గా చెప్పండి.

యూరియా అణువు 60 డాల్టన్లే కాబట్టి లో ఫ్లక్స్ డయలైజర్ల చిన్న రంధ్రాల్లోంచీ సులువుగా పోతుంది. పెద్ద రంధ్రాలుండే హై ఫ్లక్స్ డయలైజర్ల అసలు లాభం 11,800 డాల్టన్ల బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ విషయంలో. ఏళ్ల తరబడి డయాలిసిస్ మీదున్నవారి కీళ్లలో పేరుకుని బాధపెట్టేది అది. అయితే హై ఫ్లక్స్ ఫైబర్లలో కొంత డయాలిసేట్ వెనక్కి రక్తంలోకి రాగలదు. డయాలిసేట్ తయారుచేసే ఆర్వో నీళ్లలో ఎండోటాక్సిన్ (బాక్టీరియా విషం) ఉంటే రోగికి చలిజ్వరం రావచ్చు. నీళ్ల పరీక్ష రిపోర్టు మీరే అడిగి చూడండి.

ప్రైమింగ్‌లో తొందర పడకండి. గాలి చిక్కుకున్న ఫైబర్‌లోకి రక్తం వెళ్లదు. వీనస్ వైపు పైకి పెట్టి, మెల్లగా తడుతూ సెలైన్ పోనివ్వండి. హెపారిన్ చాలక గడ్డకట్టినా నష్టం అదే, ఆ ఫైబర్లు ఉన్నా లేనట్టే.

రీయూజ్ చేసే చోట, ఫైబర్ల లోపలి పరిమాణం మొదటి కొలతలో 80 శాతం కంటే తగ్గితే ఆ డయలైజర్‌ను పారేయాల్సిందే. తెల్లగా కనిపిస్తోందని ఎవరు చెప్పినా మళ్లీ పెట్టకండి. మొదటి కొలతే లేకపోతే 80 శాతం దేనిలోనో తేలదు. అందుకే కొత్తది తెరిచిన రోజే, మొదటి వాడకానికి ముందే కొలిచి, రోగి పేరు మీద రిజిస్టర్లో రాసిపెట్టండి.