డబ్బు సంచి మోసిన శిష్యుడు

కడరా భోజనంనాడు యూదా బల్ల దగ్గరనుండి లేచి బయటకు వెళ్ళినపుడు మిగిలిన శిష్యులు ఏమనుకున్నారో యోహాను సువార్త 13వ అధ్యాయం చెబుతోంది. డబ్బు సంచి అతని దగ్గరే ఉంది గనుక, పండుగకు కావలసినవి కొనడానికో పేదలకేదైనా ఇవ్వడానికో ప్రభువు పంపించారనుకున్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

మన శ్రమల నాటకాల్లో యూదాను చిన్నపిల్లలు కూడా ఇట్టే గుర్తుపడతారు. దొంగచూపు, ముడిపడిన కనుబొమలు! ప్రభువుతో కలిసి తిరిగిన పదకొండుమందికి మాత్రం అవేమీ కనబడలేదు. బెతానియాలో పరిమళతైలం అమ్మితే 300 దీనారాలు వచ్చేవి, పేదలకు ఇవ్వవలసింది అని యూదా అన్నట్లు యోహాను రాశారు. మత్తయి సువార్తలోనైతే ఆ మాట శిష్యులే అన్నట్లుంది. అంటే యూదా వాదన వాళ్ళకూ న్యాయంగానే తోచిందన్నమాట. అతడు దొంగ అని యోహాను రాసింది అంతా జరిగిపోయిన తరువాతే.

చెడుకు సొంత ఉనికి లేదని, మంచిలో ఏర్పడిన లోటే చెడు అని పునీత అగస్టీనువారు బోధించారు. సెమినరీలో ఇది పరీక్షకోసం చదువుతాం. కాని దీని అర్థం ఇంటిదాకా వస్తుంది. సొంత ఉనికే లేనిదానికి సొంత ముఖం ఎక్కడిది? అది మంచివాని ముఖంతోనే తిరుగుతుంది.

2007లో కేంద్ర ప్రభుత్వం మన రాష్ట్రంతో సహా 13 రాష్ట్రాల్లో జరిపించిన అధ్యయనాన్ని వెలువరించింది. పిల్లలపై లైంగిక అత్యాచారం చేసినవారిలో సుమారు సగంమంది ఆ పిల్లలకు తెలిసినవారో, వారి బాధ్యత చూడవలసినవారో అని అందులో తేలింది. బాబాయి, ట్యూషన్ మాస్టారు, ఆటో నడిపే అన్న, ఉపదేశి. గురువులను ఈ జాబితాలోంచి తీసేయమని నన్ను అడగవద్దు.

"అయితే అందరినీ అనుమానించాలా ఫాదర్?" అంటారు. అక్కరలేదు. పిల్లల మాట వినండి, చాలు. "ఆ మామయ్య ఇంటికి నేను వెళ్ళను" అని పాప అంటే, "తప్పమ్మా, పెద్దవాళ్ళను అలా అనకూడదు" అని నోరు మూయిస్తాం. ఆయన పండక్కి పీఠం అలంకరిస్తాడు, పేదపిల్లల ఫీజులు కడతాడు. ఆ మంచితనం నిజమే కావచ్చు. కాని పాప చెప్పిన దానికి అది జవాబు కాదు.

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇటువంటి నేరం తెలిసినవారు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. దాచిపెడితే శిక్ష ఉంది. 1098కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు. 2019లో ఫ్రాన్సిస్ పాపుగారు కూడా, ఇటువంటి ఫిర్యాదు తెలిసిన గురువులు, మఠవాసులు శ్రీసభ అధికారులకు తెలియజేయాలని, ఫిర్యాదు చేసినవారిని మౌనంగా ఉండమని ఎవరూ కట్టడి చేయకూడదని శాసించారు.

పరువు పోతుందని పెద్దమనుషుల్లో పెట్టి సర్దుబాటు చేసుకోవద్దు. ముందు నా దగ్గరకు వచ్చినా మంచిదే, కాని నా దగ్గరే ఆగిపోవద్దు. స్టేషనుకు మీతోపాటు నేనూ వస్తాను.